లోతు నీళ్లలో ఆయుష్షుకు గిట్టుబాటు

మృగశిర కార్తె నాడు వరంగల్, హన్మకొండ చేపల మార్కెట్లలో కాలు పెట్టే సందుండదు. ఆ రోజు కాటా ఎక్కేవి ఎక్కువగా చెరువు చేపలే: బొచ్చె, రవ్వ, కొర్రమట్ట. సముద్రపు చేప ఐస్ పెట్టెల్లో కొద్దిగా కనిపిస్తుంది. ఇందులో ఇక్కడివాళ్ల రుచితో పాటు సర్కారు నిబంధన పాత్ర కూడా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట బంద్. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా బంద్. కార్తె వచ్చేది జూన్ 7, 8 తేదీల్లో. అప్పటికి రెండు తీరాల్లోనూ పెద్ద బోట్లు ఒడ్డునే ఉంటాయి.

చేపకు గుడ్లు పెట్టే కాలంలో కొంత తెరిపి ఇస్తే మళ్లీ వలకు సరిపడా పెరుగుతుందన్నది ఈ బంద్ వెనక ఉన్న ఆలోచన. కవ్వలు, కానాగంతల విషయంలో ఆ ఆలోచనకు అర్థముంది. నూనె కవ్వ బతుకే రెండు, రెండున్నరేళ్లు. ఏడాది తిరిగేలోపే గుడ్లకు వస్తుంది. అదే ఉత్తర అట్లాంటిక్ చలినీళ్లలో తిరిగే గ్రీన్‌లాండ్ సొరచేపకు ఈడు వచ్చేసరికే సుమారు 150 ఏళ్లు పడుతుంది. దానికి రెండు నెలల సెలవు ఏ మూలకు?

రెండూ ఉప్పునీటిలోనే పుట్టాయి. ఒకటి రెండేళ్లలో ముగిసిపోతుంది, మరొకటి శతాబ్దాలు ఈదుతుంది. ఇంకా పెద్ద తేడాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఉండే ఒక చిట్టి గోబీ చేప ఆయుష్షు అత్యధికంగా 59 రోజులు. అందులో మూడు వారాలు పిల్లగా నడిసముద్రంలో గడుస్తాయి. పగడాల మీదికి చేరాక ఒకటి రెండు వారాల్లో ఎదుగుతుంది, మిగిలిన మూడున్నర వారాల్లో సంతానం కని పోతుంది. హవాయి దగ్గర లోతులో దొరికిన ఒక నల్ల పగడం వయసు 4,265 ఏళ్లుగా తేలింది. ఈ తేడాను సముద్రంలో ఆ జీవి ఉండే చోటు చాలావరకు చెబుతుంది. ఎలా చెబుతుందన్న దగ్గరే జనంలో తేలిగ్గా చలామణీ అయ్యే జవాబు ఒకటి పక్కదారి పట్టిస్తుంది.

దాని సంగతికి ముందు, ఈ వయసులు ఎట్లా తెలిశాయో చూడాలి. చేపకు ఆధార్ కార్డు లేదు కదా. కచిడి చేప తలను నిలువునా చీల్చితే మెదడుకు రెండు పక్కలా గట్టిగా, తెల్లగా, వేలి గోరుకు కాస్త అటూ ఇటూ ఉండే రెండు రాళ్లు బయటపడతాయి. చాలామంది వాటిని ఎముక ముక్కలనుకుని పారేస్తారు. అవి చెవిరాళ్లు. చేప తూకం తప్పకుండా ఈదడానికీ, చప్పుడు పసిగట్టడానికీ అవే ఆధారం. చేప బతికినన్నాళ్లూ వాటి మీద సున్నం పొర మీద పొర పేరుతూనే ఉంటుంది. రాయిని పలుచగా కోసి, అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెడితే తిండి బాగా దొరికిన కాలంలో ఒక రంగు పట్టీ, ఎదుగుదల మందగించిన కాలంలో మరో రంగు పట్టీ కనిపిస్తాయి. చలి దేశాల చేపల్లో ఏడాదికో జత పట్టీలు స్పష్టంగా లెక్క తేలతాయి. వెచ్చని నీళ్లలో రుతువుల తేడా తక్కువ కాబట్టి పట్టీలు మసకగా ఉంటాయి. అప్పుడు రోజుకో గీత చొప్పున పడే సన్నని గీతలను లెక్కిస్తారు. గోబీ చేప 59 రోజుల లెక్క అలా వచ్చిందే.

సొరచేపకు ఈ పద్ధతి పనికిరాదు. దాని ఒళ్లంతా మృదులాస్థి, ఇలాంటి గట్టి చెవిరాయి ఉండదు. అందుకే గ్రీన్‌లాండ్ సొర వయసును శాస్త్రవేత్తలు కంటిలో వెతికారు. కంటి కటకం నడిమి భాగం పుట్టకముందే తయారవుతుంది, ఆ తర్వాత మారదు. 1950, 60 దశకాల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలోకీ, ఆపై సముద్రంలోకీ కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెద్ద మోతాదులో చేరింది. కటకం నడుమ ఆ గుర్తు ఉన్నదీ లేనిదీ చూస్తే ఆ తేదీలకు ముందు పుట్టిందో తర్వాత పుట్టిందో తెలుస్తుంది. అంతకన్నా పాతవాటికి కార్బన్ లెక్కతో అంచనా కడతారు. 28 ఆడ సొరలను ఇలా పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. అయిదు మీటర్ల పొడవున్న అతి పెద్ద సొరకు 392 ఏళ్లు, 120 ఏళ్లు అటూ ఇటూగా. పత్రికలు దీన్ని ‘నాలుగు వందల ఏళ్ల సొర’ అని శీర్షికలకెక్కించాయి. ఆ లెక్కలో భరోసాగా పట్టుకోదగ్గది కింది అంచు: కనీసం 272 ఏళ్లు. వెన్నెముక ఉన్న జీవుల్లో రికార్డుకు అది చాలు.

ఆల్చిప్పల విషయం ఇంకా సులువు. చిప్ప మీదే ఏటా ఒక గీత పడుతుంది. ఐస్‌లాండ్ తీరంలో 2006లో పైకి తీసిన ఒక ఆల్చిప్ప వయసు మళ్లీ జాగ్రత్తగా లెక్కిస్తే 507 ఏళ్లుగా తేలింది. అంటే అది 1499 ప్రాంతంలో పుట్టింది. 1518లో గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన మొదలయ్యే నాటికే దానికి ఇంచుమించు ఇరవై ఏళ్లు.

ఇక ఆ తేలిక జవాబు: చలి. చల్లని నీళ్లలో ఒంటి రసాయన క్రియలు నెమ్మదిస్తాయి, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, శరీరం నెమ్మదిగా అరుగుతుంది, అందుకే ఎక్కువకాలం బతుకుతాయి అంటారు. గ్రీన్‌లాండ్ సొర ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగదు. ఈదే వేగం గంటకు సుమారు కిలోమీటరు. చూడబోతే ఈ జవాబు అతికినట్టే ఉంటుంది. కానీ అదే ఆర్కిటిక్ నీళ్లలో బోహెడ్ తిమింగలం ఉంది. దాని ఒంట్లో మనకున్నట్టే వెచ్చని రక్తం. బయట మంచు గడ్డలు తేలుతున్నా లోపలి వేడి తగ్గదు. అయినా అది రెండు వందల ఏళ్లకు పైగా బతుకుతుంది. 2007లో అలాస్కాలో వేటాడిన ఒక బోహెడ్ మెడ దగ్గర 1880ల నాటి ఈటె ముక్క దొరికింది. నూరేళ్లకు పైగా ఆ ఇనుప ముక్కను మోస్తూ తిరిగిందన్నమాట. దానికి చలి వాదం వర్తించదు.

చలి వాదాన్ని మరింత గట్టిగా దెబ్బతీసేవి రెండు పురుగులు. రెండూ సముద్రపు అడుగున గొట్టాల్లో నిలబడి బతికే ఒకే కుటుంబపు పురుగులు. రెండింటికీ నోరు లేదు, పేగు లేదు. ఒంట్లో పెంచుకునే బ్యాక్టీరియా సల్ఫైడ్ నుంచి శక్తి తీసి వండిపెడితే దాంతోనే గడుపుతాయి. రెండూ చీకట్లో ఉంటాయి, చుట్టూ ఉన్న సముద్రం రెండింటికీ చల్లనే. ఆయుష్షు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోలికే లేదు.

మొదటిది రిఫ్టియా. పసిఫిక్ అడుగున రెండున్నర కిలోమీటర్ల లోతులో, భూమి చీలికల నుంచి 350 డిగ్రీలకు మించిన నీరు ఎగజిమ్మే పొగగొట్టాల పక్కన ఉంటుంది. ఏడాదిలో 85 సెంటీమీటర్లు పెరిగిన దాఖలా ఉంది. 1991లో తూర్పు పసిఫిక్ గుట్టల దగ్గర లావా పొంగి అడుగంతా కాలి శుభ్రమైపోయింది. రెండున్నరేళ్లకు మళ్లీ వెళ్లి చూస్తే అక్కడ మీటరున్నర పొడవు రిఫ్టియాలు గుంపులుగా నిలబడి ఉన్నాయి. రెండోది లామెల్లిబ్రాకియా. మెక్సికో సింధుశాఖ అడుగున, చమురూ వాయువూ మెల్లగా ఊరే చోట్ల ఉంటుంది. కింది కొసను మట్టిలోకి దించి సల్ఫైడ్‌ను పీల్చుకుంటుంది. రెండు మీటర్లు ఎదగడానికి దానికి 170 నుంచి 250 ఏళ్లు పడుతుంది.

పొగగొట్టం ఏ రోజు ఆగిపోతుందో, ఎప్పుడు లావా పొంగి అంతా కప్పేస్తుందో చెప్పలేం. అక్కడ తాపీగా ఎదిగే పురుగు వంశం నిలవదు. చమురు ఊట శతాబ్దాలపాటు ఒకే తీరున ఊరుతుంది. అక్కడ తొందరపడి లాభం లేదు. రెండూ చీకటి నిండిన చల్లని అడుగునే ఉన్నా ఆయుష్షులో ఇంత తేడా తెచ్చింది ఆ చోటి నిలకడే.

దీనికి పునాది సిద్ధాంతం కొత్తదేమీ కాదు. 1952లో పీటర్ మెడావర్, 1957లో జార్జ్ విలియమ్స్ అనే జీవశాస్త్రవేత్తలు ముసలితనం ఎందుకు పుట్టిందో వివరించారు. శత్రువు నోట్లోనో, కరువులోనో, వరదలోనో ఏటా ఎక్కువ భాగం చచ్చిపోయే జాతిలో, ఎనభయ్యో ఏట పనికొచ్చే గుణాన్ని ప్రకృతి ఎంచుకునే అవకాశమే రాదు. ఆ వయసుకు చేరేవారే లేరు కదా. ఏడాది కౌలుకు చేను పట్టినవాడు అందులో చెరువు మట్టి తోలించడు. ఆ మట్టి ఫలితం అందేలోపు చేను చేతులు మారుతుంది. సొంత పట్టా ఉన్నవాడే ఆ ఖర్చు పెడతాడు. డీఎన్‌ఏకు మరమ్మతు చేసుకోవడం, చెడిన కణాలను ఏరేయడం, క్యాన్సర్‌ను అణచిపెట్టడం శరీరానికి ఖర్చుతో కూడిన పనులు. రేపు బతికి ఉంటానన్న భరోసా ఉన్నచోటే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది.

ఆఫ్రికాలో వానాకాలపు గుంటల్లో పుట్టే ఒక కిల్లీ చేప రెండు వారాల్లోనే ఈడుకొచ్చి, గుంట ఎండేలోపు మట్టిలో గుడ్లు వదిలి చచ్చిపోతుంది. గుంట ఎండటం ఖాయం కాబట్టి దాని జీవితం ఆ గడువులో ఇమిడిపోయింది. మన కుంటల్లోని కొర్రమట్ట ఇదే ఇబ్బందిని మరో దారిలో దాటింది. నేరుగా గాలి పీల్చగలదు కాబట్టి నీళ్లు అడుగంటినా తడి బురదలో కొంతకాలం నిలదొక్కుకుంటుంది.

పట్టా భరోసా సముద్రంలో ఎన్నో రూపాల్లో వస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ వేటగాళ్లు పలుచబడతారు. దేహం పెద్దదైతే మింగేవాళ్లు తగ్గుతారు. గట్టి చిప్ప ఉంటే అది మరో రక్షణ. ఆక్టోపస్, నాటిలస్ రెండూ ఒకే పెద్ద వర్గానికి చెందినవి. ఆక్టోపస్ పూర్వీకులు చిప్పను వదిలేశాయి. తెలివీ, వేగమూ, రంగులు మార్చే చర్మమూ సంపాదించాయి. కానీ మెత్తని ఒళ్లు అందరికీ కూడు. ఒడ్డు దగ్గరి ఆక్టోపస్‌లు చాలావరకు ఒకటి రెండేళ్లలో ముగిసిపోతాయి. చిప్పను వదలని నాటిలస్ లోతున నింపాదిగా ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. అంత తెలివిగల జంతువుకు రెండేళ్ల బతుకేమిటని విస్తుపోయేవాళ్లు ఈ చిప్ప సంగతి మరిచిపోతుంటారు.

చలికి అసలు పాత్రే లేదనడం కూడా సరికాదు. కాలిఫోర్నియాలోని మాంటెరీ అగాధంలో, దాదాపు 1,400 మీటర్ల లోతున, ఒక ఆక్టోపస్ తల్లి 2007 నుంచి 2011 దాకా 53 నెలలు ఒకే రాతిగోడకు అంటుకుని గుడ్లను కాచింది. అక్కడి నీరు సుమారు 3 డిగ్రీలు. ఆ చలిలో గుడ్డులో పిల్ల ఎదగడానికే నాలుగేళ్లు దాటింది. పరిశోధకులు వెళ్లి చూసినప్పుడల్లా అది అక్కడే ఉంది, ప్రతిసారీ ఇంకాస్త పాలిపోయి, ఇంకాస్త చిక్కిపోయి. చుట్టూ పీతలు తిరుగుతున్నా ముట్టలేదు. చలి ఇలా జీవితంలో ఒక దశను సాగదీయగలదు. వంద ఏళ్లు బతికే శరీరాన్ని తయారుచేయడం దాని ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

భరోసాతో పాటు ఇంకో షరతు ఉందని చూపినవి పసిఫిక్‌లోని రాక్‌ఫిష్‌లు. ఒకే ప్రజాతికి చెందిన వందకు పైగా జాతులివి. వీటిలో ఒకటి 11 ఏళ్లకే ముగుస్తుంది, మరొకటి 205 ఏళ్ల దాకా బతికిన దాఖలా ఉంది. 2021లో 88 జాతుల జన్యువులను పోల్చి చూస్తే, శరీరం ఎంత పెద్దదైతే, ఎంత లోతున ఉంటే అంత ఎక్కువ ఆయుష్షు అని తేలింది. ఎక్కువకాలం బతికేవాటిలో డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు గట్టిపడ్డాయి, రోగనిరోధకతకు సంబంధించిన ఒక జన్యు కుటుంబం నకళ్లు పెరిగాయి. చోటు ఇచ్చిన భరోసాను దేహం ఎలా వాడుకుందో ఆ జన్యువుల్లో రాసి ఉంది.

అంతదాకా బాగానే ఉంది. మరి రెండు వందల ఏళ్లు ఎందుకు? పదేళ్లలో పిల్లలను కని చాలించవచ్చు కదా. రాక్‌ఫిష్ తల్లి ఏటా లక్షల్లో పిల్లలను వదులుతుంది. ఆ పిల్లలు నీటిపై పొరల్లో కొట్టుకుపోతూ పెరగాలి. ఆ ఏడు ప్రవాహం అనుకూలించి, అడుగు నీరు పైకి పొంగి, తిండి దొరికితే కొన్ని బతుకుతాయి. లేకపోతే మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. వరుసగా ఎన్నో ఏళ్లు పిల్ల నిలవకపోవచ్చు. అలాంటప్పుడు ఒకటి రెండు సార్లకే ఆశ పెట్టుకునే తల్లి వంశం ఆగిపోతుంది. ఏళ్ల తరబడి ప్రయత్నించే తల్లి వంశం సాగుతుంది. పైగా ముసలి తల్లుల పిల్లలకు పుట్టుకతో తిండి నిల్వగా వచ్చే నూనె బొట్టు పెద్దది, ఆకలికి ఎక్కువ రోజులు తట్టుకుంటాయని నల్ల రాక్‌ఫిష్‌పై జరిగిన పరిశోధనలో తేలింది. పెద్దలకు భద్రత, పిల్లలకు అనిశ్చితి. ఈ రెండూ ఒకే చోట కలిస్తే దీర్ఘాయువు గిట్టుబాటవుతుంది. ‘లోతు, చలి’ అన్న జంట కంటే ఈ జంటే ఎక్కువ విషయాలను విప్పి చెబుతుంది.

ఇదే సూత్రం ఒక్కో ప్రాణి ఆయుష్షుకే ఆగదు, వంశాల ఆయుష్షుకూ పట్టుతుంది. దీనికి సాక్ష్యం ఉత్తర తెలంగాణ నేలలోనే ఉంది. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి ఒక పాత శిలల సముదాయాన్ని పిలుస్తారు. ప్రాణహిత–గోదావరి లోయ వెంట, మంచిర్యాల, రామగుండం వైపు కనిపించే సున్నపురాళ్లలో కొన్ని ఆ సముదాయంలోనివే. అవి వంద కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో లోతులేని సముద్రం అడుగున పేరుకున్నవి. ఆ రాళ్లలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులు పొరలు పొరలుగా మట్టినీ సున్నాన్నీ పట్టి కట్టుకున్న గుట్టలు అవి. ఆనాటి సముద్రాల్లో ఎక్కడ చూసినా అవే. మేసే జంతువే పుట్టని కాలం అది. తర్వాత నత్తల్లాంటివి పుట్టి ఆ పొరలను మేయడం మొదలుపెట్టాక అవి దాదాపు కనుమరుగయ్యాయి. నేడు సజీవంగా చూడాలంటే పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే లాంటి చోటికి వెళ్లాలి. అక్కడ నీరు మామూలు సముద్రం కంటే రెట్టింపు ఉప్పన, నత్తలు బతకలేవు. శత్రువు అడుగుపెట్టలేని మూల దొరికితే వంశం ఎంతకాలమైనా నిలుస్తుంది. ఎన్నడో అంతరించిపోయిందనుకున్నాక 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన సీలకాంత్ కూడా పగలంతా లోతు గుహల్లో దాగే చేపే. అది వందేళ్ల దాకా బతుకుతుందని 2021లో పొలుసుల లెక్క తేల్చింది.

నిలకడైన చోట పరిణామం కూడా నిద్రపోతుందా అంటే, కాదు. వెచ్చని పగడాల సముద్రాల్లో జాతులు ఎక్కువ కాబట్టి కొత్త జాతులు అక్కడే వేగంగా పుడతాయని అందరూ అనుకునేవారు. ముప్పై వేలకు పైగా చేప జాతుల వంశవృక్షాన్ని పరిశీలించిన 2018 నాటి అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. కొత్త జాతులు ఎక్కువ వేగంగా పుడుతున్నది ధ్రువాల దగ్గరి చల్లని నీళ్లలో. అంటార్కిటికా చుట్టూ నీరు గడ్డకట్టే స్థాయికి చల్లబడ్డాక చాలా చేపలు నశించాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే ప్రొటీన్ సంపాదించిన ఒక వర్గం మిగిలి, ఖాళీ అయిన చోట్లన్నిటినీ ఆక్రమించి డజన్ల కొద్దీ జాతులుగా చీలింది. వాటిలో కొన్నింటి రక్తంలో హీమోగ్లోబిన్ అసలే లేదు. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి అది లేకుండానే నెట్టుకొస్తున్నాయి.

ఇంత నెమ్మదిగా తయారైన లెక్కను మనిషి వల కొద్ది ఏళ్లలో తారుమారు చేసింది. న్యూజిలాండ్ దగ్గర 1970ల చివర్లో ఆరెంజ్ రఫీ అనే లోతు చేప వేట మొదలైంది. సముద్రంలోని గుట్టల మీద గుడ్లు పెట్టడానికి గుంపులు కడుతుంది కాబట్టి ఒక్క ఈడ్పుకే టన్నుల కొద్దీ పడేది. మామూలు చేపలాగే త్వరగా పెరుగుతుందనుకుని కోటాలు కట్టారు. ఆ తర్వాత చెవిరాళ్లు కోసి చూస్తే వందేళ్లు దాటినవి బయటపడ్డాయి. ఈడుకు రావడానికే దానికి ముప్పై ఏళ్లు పడుతుంది. అప్పటికే కొన్ని గుట్టలు ఖాళీ అయ్యాయి. లోతులో పెద్దగా శత్రువు లేడన్న భరోసా మీద కట్టుకున్న జీవితం, పైనుంచి శత్రువు దిగేసరికి తట్టుకునే దారి లేక చితికిపోయింది.

వేగంగా తరాలు మారే చేపలైతే ఆ ఒత్తిడికి మారిపోతాయి. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరపు కాడ్ చేప అందుకు ఉదాహరణ. 1992లో దాని వేటను ఆపేశారు. అప్పటికే పదిహేనేళ్ల నుంచి ఆ చేపలు ముందుకంటే చిన్న వయసులో, చిన్న ఒంటితో ఈడుకు రావడం మొదలైంది. పెద్దగా పెరిగేదాకా ఆగిన చేప వలలో పడుతుంది, తొందరపడి గుడ్లు పెట్టినదాని వంశం మిగులుతుంది. చిన్న తల్లి పెట్టే గుడ్లు తక్కువ. వేట తగ్గినంత మాత్రాన పాత తీరు వెంటనే తిరిగి రాదు, ఎందుకంటే మారింది చేపల సంఖ్య ఒక్కటే కాదు. కాడ్ వేటపై ఆ నిషేధం ఎత్తేయడానికి 2024 దాకా పట్టింది. లోతు చేపల విషయంలో యూరోపియన్ యూనియన్ 2016లో వేరే దారి ఎంచుకుంది. కాలం మీద కాకుండా లోతు మీద గీత గీసి, 800 మీటర్లకు మించి అడుగు వలలు ఈడ్చకూడదంది. ముప్పై ఏళ్లకు గానీ ఈడుకు రాని చేపకు సెలవు రోజులు లెక్కపెట్టడం కంటే ఇదే కాస్త తెలివైన పని.